12 లక్షల దాకా పన్ను లేదన్నారు, మరి నాకెందుకు పడింది?

ప్రశ్న: నమస్కారమండీ. మేం నిజాంపేటలో ఉంటాం. నాది ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం. 2025-26లో నా జీతం మొత్తం 12,60,000 రూపాయలు. ఆఫీసులో కొత్త పన్ను విధానం (మినహాయింపులు చాలావరకు ఉండనిది) ఎంచుకున్నాను, పైసా పన్ను పట్టుకోలేదు. ఈ మధ్య ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో ఏఐఎస్ (శాఖ దగ్గరున్న మన ఆదాయ వివరాల పట్టిక) తెరిస్తే నా ఎఫ్‌డి వడ్డీ 32,000 కనిపించింది. బ్యాంకు దానిమీద టిడిఎస్ (ముందుగానే మినహాయించుకునే పన్ను) పట్టుకోలేదు కాబట్టి పన్ను ఉండదనుకున్నాను. తీరా రిటర్న్ నింపి చూస్తే 17 వేల పైచిలుకు కట్టమంటోంది. మావారి జీతం 7,75,000. షేర్లు కొని నాలుగు నెలల్లో అమ్మితే ఆయనకు 60,000 లాభం వచ్చింది. ఆయనకూ పన్ను చూపిస్తోంది. మామయ్యగారికి 66 ఏళ్లు, నెలకు 30,000 పెన్షన్, ఏడాదికి 84,000 ఎఫ్‌డి వడ్డీ వస్తాయి. ఆయన రిటర్న్ వేయాలా? ఇక మా తమ్ముడి జీతం 19 లక్షలు. పోయిన ఏడాది కూకట్‌పల్లిలో ఒక ఏజెంటు దగ్గర రిటర్న్ వేయించి 78,000 రీఫండ్ తెచ్చుకున్నాడు. ఏదో రాజకీయ పార్టీకి రెండున్నర లక్షలు చందా ఇచ్చినట్టు చూపించారట. వాడు ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. "అక్కా, నువ్వూ ఆయన దగ్గరికే రా, ఆ 17 వేలు కూడా లేకుండా చేస్తాడు" అంటున్నాడు. పైగా ఏప్రిల్ నుంచి చట్టమే మారిందంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, నిజాంపేట

సమాధానం: అమ్మా, ముందుగా ఒక మాట. ఆ ఏజెంటు దగ్గరికి మీరు వెళ్లకండి. ఎందుకో తర్వాత వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను నిజంగా కలవరపెట్టింది మీ 17 వేలు కాదు, మీ తమ్ముడి 78 వేలు. అయితే మీ లెక్క తేలకుండా మీ మనసు కుదుటపడదు కాబట్టి అక్కడినుంచే మొదలుపెడదాం.

2025 ఫిబ్రవరి 1న ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ బడ్జెట్ చదివినప్పుడు అందరి చెవిలో పడింది ఒక్కటే: 12 లక్షల దాకా పన్ను లేదు. కానీ కొత్త విధానంలో అసలు పన్ను లేనిది 4 లక్షల వరకే. 4 నుంచి 8 లక్షల దాకా 5 శాతం, 8 నుంచి 12 దాకా 10 శాతం, 12 నుంచి 16 దాకా 15 శాతం, 16 నుంచి 20 దాకా 20 శాతం, 20 నుంచి 24 దాకా 25 శాతం, ఆపైన 30 శాతం. ఈ లెక్కన 12 లక్షల ఆదాయానికి 60,000 పన్ను పడుతుంది. పడిన ఆ 60,000ని 87ఏ అనే సెక్షన్ కింద రిబేట్ ఇచ్చి కొట్టేస్తారు. అంటే లేని పన్ను కాదు, వేసి మాఫీ చేసిన పన్ను. మీ ఇంట్లో వచ్చిన చిక్కులన్నీ ఈ తేడాలోంచి పుట్టినవే.

జీతం తీసుకునేవాళ్లకు 75,000 స్టాండర్డ్ డిడక్షన్ (ఏ లెక్కా చూపకుండానే జీతంలోంచి తీసేసే మొత్తం) ఉంటుంది కాబట్టి ఆ మాఫీ 12,75,000 జీతం దాకా వర్తిస్తుంది. మీ జీతం 12,60,000లో 75,000 తీసేస్తే 11,85,000. గీత లోపలే ఉన్నారు. అందుకే ఆఫీసువాళ్లు ఏమీ పట్టుకోలేదు. వాళ్లకు తెలిసింది మీ జీతం ఒక్కటే. ఎఫ్‌డి వడ్డీ 32,000 కలిపితే 12,17,000 అయింది. గీత దాటారు, రిబేట్ పోయింది.

బ్యాంకు టిడిఎస్ పట్టుకోకపోతే పన్ను లేదనుకోవడం చాలామంది చేసే పొరపాటు. 60 ఏళ్లలోపు వాళ్లకు ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ 50,000 దాటితేనే బ్యాంకు టిడిఎస్ పట్టుకుంటుంది. 2025 ఏప్రిల్‌కి ముందు ఆ పరిమితి 40,000. అది బ్యాంకు ఎప్పుడు పట్టుకోవాలో చెప్పే హద్దు మాత్రమే. మీ వడ్డీకి పన్ను ఉందా లేదా అన్నది మీ మొత్తం ఆదాయాన్ని బట్టి తేలుతుంది. బ్యాంకు పట్టుకోకపోయినా ఆ వడ్డీ వివరం శాఖకు వెళ్తూనే ఉంటుంది. అందుకే అది మీ ఏఐఎస్‌లో కూర్చుంది.

ఇప్పుడు 17 వేల సంగతి. 12,17,000కి స్లాబుల ప్రకారం లెక్కేస్తే 20,000, 40,000, చివరి 17,000 మీద 2,550, మొత్తం 62,550 అవుతుంది. గీత దాటింది 17,000 అయితే పన్ను 62,550 కట్టమనడం అన్యాయం కదా. అందుకే చట్టంలో మార్జినల్ రిలీఫ్ అని పెట్టారు. గీత మీద ఎంత సంపాదించారో అంతకుమించి పన్ను తీసుకోరు. కాబట్టి మీ పన్ను 17,000, దానిమీద 4 శాతం సెస్ (పన్ను మీద వేసే అదనపు పన్ను) 680, వెరసి 17,680. పోర్టల్ మీకు చూపిస్తున్నది ఇదే, తప్పేమీ లేదు. 32,000 వడ్డీలో మీ చేతికి మిగిలేది 14,320. బాధగానే ఉంటుంది, కాదనను. కానీ ఈ రిలీఫ్ లేకపోతే మీరు జేబులోంచి ఇంకో 47 వేల దాకా పెట్టుకోవాల్సి వచ్చేది. పన్ను వర్తించే ఆదాయం 12,70,000 దాటి మరికొన్ని వందల వరకు ఈ రిలీఫ్ పనిచేస్తుంది, ఆపైన మామూలు స్లాబులే.

"మినహాయింపులు ఎక్కువుండే పాత విధానంలోకి వెళ్తే?" అని మీకు అనిపించవచ్చు. మీ బేసిక్ 6 లక్షలు, ఇంటద్దె నెలకు 20,000 అనుకుందాం. హైదరాబాద్‌కి 2025-26లో హెచ్ఆర్ఏ (ఇంటద్దె భత్యం) లెక్క బేసిక్‌లో 40 శాతం కిందే ఉంది. ఆ లెక్కన మీకు 1,80,000 మినహాయింపు వచ్చిందనుకుందాం. 80సి కింద (పిఎఫ్, జీవిత బీమా లాంటి పొదుపులకు) పూర్తి లక్షన్నర, ఆరోగ్య బీమాకు 25,000, స్టాండర్డ్ డిడక్షన్ 50,000 అన్నీ తీసేసినా పన్ను వేయాల్సిన ఆదాయం 8,87,000 ఉంటుంది. దానికి సెస్‌తో కలిపి పన్ను 93,496. కొత్త విధానంలో మీది 17,680. మీ స్థాయి జీతానికి, పెద్ద హోమ్ లోన్ లేకపోతే, పాత విధానం గురించి ఆలోచించే పనే లేదు.

ఇది కట్టేయండి. ఆలస్యం చేయకండి కూడా. టిడిఎస్ పోను పన్ను 10,000 దాటితే మార్చి 15లోపు అడ్వాన్స్ ట్యాక్స్‌గా కట్టి ఉండాలి. మీరు కట్టలేదు కాబట్టి నెలకు 1 శాతం చొప్పున వడ్డీ పడుతోంది. పెద్ద మొత్తమేమీ కాదు, రెండు వేల లోపే ఉంటుంది. కానీ జూన్‌లో కట్టడానికీ జూలై చివర కట్టడానికీ తేడా ఉంటుంది. 'సెల్ఫ్ అసెస్‌మెంట్ ట్యాక్స్' కింద కట్టి, ఆ చలానా వివరాలు రిటర్న్‌లో రాసి, ఐటీఆర్-1 అనే రిటర్న్ ఫారం వేయండి. జూలై 31 గడువు. దాటితే మీ ఆదాయానికి 5,000 ఆలస్య రుసుము. పన్ను సున్నా అయినవాళ్లకు కూడా, ఆదాయం 5 లక్షలు మించితే, ఆ 5,000 తప్పదు. 12 లక్షల లోపే కదా అని రిటర్న్ వేయకుండా ఊరుకున్నవాళ్లు నా దగ్గరికి ఎంతమంది వస్తారో! ఆదాయం 4 లక్షలు దాటితే రిటర్న్ వేయాల్సిందే. రిబేట్ అడగాల్సింది అందులోనే మరి. వేశాక 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతో ఇ-వెరిఫై చేయడం మరవకండి. అది చేయని రిటర్న్ వేయనట్టే లెక్క.

వచ్చే ఏడాదికి ఒక దారి ఉంది. మీ హెచ్ఆర్‌ని అడిగి, జీతంలో కొంత భాగాన్ని కంపెనీ తరఫు ఎన్‌పిఎస్ (జాతీయ పెన్షన్ పథకం) వాటాగా మార్చగలరేమో చూడండి. కొత్త విధానంలో మిగిలిన మినహాయింపులు చాలావరకు పోయినా ఇది మిగిలింది. బేసిక్‌లో 14 శాతం దాకా పన్ను ఉండదు. మీరు ఈ ఏడాది ఒక్క 17,000 అలా పెట్టించి ఉంటే 12 లక్షల గీత మీదే ఆగిపోయేవారు, పన్ను సున్నా. ఎఫ్‌డిని మీ వారి పేరుకు మారిస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే మాత్రం వినకండి. భార్య ఇచ్చిన డబ్బు మీద భర్తకు వచ్చే వడ్డీని మళ్లీ భార్య ఆదాయంలోనే కలుపుతారు.

మీ వారి లెక్క చిన్నది. జీతంలో 75,000 తీసేస్తే 7,00,000. దానిమీద 15,000 పన్ను రిబేట్‌తో పోతుంది. షేర్ల లాభం 60,000కి మాత్రం ఈ రిబేట్ వర్తించదు. ఏడాదిలోపు అమ్మిన లిస్టెడ్ షేర్ల లాభానికి విడిగా 20 శాతం పన్ను. 2024 జూలై 23కి ముందు అది 15 శాతం ఉండేది. 12,000, సెస్ 480, మొత్తం 12,480. ఏడాది దాటాక అమ్మి ఉంటే 1,25,000 దాకా లాభానికి పన్నే ఉండేది కాదు. ఆయన ఐటీఆర్-1 కాదు, ఐటీఆర్-2 వేయాలి. మామయ్యగారి పెన్షన్ 3,60,000కీ 75,000 స్టాండర్డ్ డిడక్షన్ ఉంది. వడ్డీ కలిపినా 3,69,000 దగ్గర ఆగుతుంది. 4 లక్షలు దాటలేదు కాబట్టి ఆయనకు పన్ను లేదు, మామూలుగా రిటర్న్ అవసరమూ లేదు. 60 దాటినవాళ్లకు టిడిఎస్ పరిమితి ఇప్పుడు లక్ష. ఒకవేళ ఏ బ్యాంకైనా పట్టుకుని ఉంటే మాత్రం ఆ డబ్బు వెనక్కి రావడానికి రిటర్న్ వేయించండి.

కొత్త చట్టం గురించి భయపడకండి. 1961 చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 800కి పైగా ఉన్న సెక్షన్లను 536కి కుదించారు, భాషను సులువు చేశారు. స్లాబులు మారలేదు. మీరు ఇప్పుడు వేసే రిటర్న్ 2026 మార్చి దాకా వచ్చిన ఆదాయానికి, కాబట్టి దానికి పాత చట్టమే. జాగ్రత్తపడాల్సింది ఒక్కచోట. ఇప్పటిదాకా మనకు ఆదాయం వచ్చిన ఆర్థిక సంవత్సరం ఒకటి, దానికి పన్ను లెక్కేసే మరుసటి ఏడాది, అంటే అసెస్‌మెంట్ ఇయర్ ఒకటి ఉండేవి. కొత్త చట్టంలో రెండూ పోయి 'ట్యాక్స్ ఇయర్' ఒక్కటే మిగిలింది. చిక్కేమిటంటే, మీ పాత ఆదాయానికి అసెస్‌మెంట్ ఇయర్ 2026-27, ఈ ఏప్రిల్ నుంచి వస్తున్న జీతానికి ట్యాక్స్ ఇయర్ కూడా 2026-27. అంకెలు ఒకటే, ఏడాదులు వేరు. 17,680 కట్టేటప్పుడు అసెస్‌మెంట్ ఇయర్ 2026-27 అని చూసుకుని కట్టండి. లేకపోతే డబ్బు ఈ ఏడాది ఖాతాలో పడి, పోయిన ఏడాది బాకీ అలాగే ఉంటుంది.

ఇక మీ తమ్ముడు.

ముప్పై ఏళ్లుగా ఈ నగరంలో పన్ను లెక్కలు చూస్తున్నాను. అమీర్‌పేట నుంచి గచ్చిబౌలి దాకా ఈ ఏజెంట్ల మాట ఒకటే: "మీకేం పని లేదు సార్, ఫారం 16 వాట్సాప్ చేయండి, రీఫండ్ వచ్చాక పది శాతం ఇవ్వండి చాలు." వాళ్లు చేసేదీ ఒకటే. పాత విధానంలో ఉన్న మినహాయింపుల్లో ఏది అబద్ధంగా రాయొచ్చో చూస్తారు. కట్టని అద్దె, లేని చదువు అప్పు, ఇవ్వని చందా. మీ తమ్ముడికి 30 శాతం స్లాబులో రెండున్నర లక్షల చందా రాశారు. సెస్‌తో 31.2 శాతం, కచ్చితంగా 78,000. ఏజెంటుకు 7,800 పోయాయి. రిటర్న్ కింద 'ఇదంతా నిజం' అని ప్రకటించింది మాత్రం ఏజెంటు కాదు, మీ తమ్ముడు. ఆ ఓటీపీ వచ్చింది అతని ఆధార్ మీద.

రీఫండ్ వచ్చింది కదా, అంటే శాఖ ఒప్పుకున్నట్టే కదా అంటాడు. కాదు. రీఫండ్ ముందు వేస్తారు, పరిశీలన తర్వాత చేస్తారు. 2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖ దేశమంతటా సుమారు 150 చోట్ల ఇలాంటి దొంగ మినహాయింపులు రాయించే వాళ్ల మీద సోదాలు చేసింది. ఒక ఏజెంటు కంప్యూటరు దొరికితే అతని దగ్గర రిటర్న్ వేయించిన వందలమంది పేర్లు ఒకేసారి దొరుకుతాయి. చందా ఇచ్చారని మీరు రాస్తే, తీసుకున్నామని పార్టీ లెక్కల్లో ఉండాలి, మీ బ్యాంకు ఖాతాలోంచి పోయి ఉండాలి. నగదుగా ఇచ్చామంటే ఆ మినహాయింపే చెల్లదు. ఈ మూడూ సరిచూడటానికి ఇప్పుడు ఎవరూ ఫైళ్లు తిరగేయనక్కర్లేదు.

దొరికితే ఏమవుతుంది? ఆ 78,000, దానిమీద వడ్డీ, పైగా తప్పుడు వివరాలిచ్చినందుకు పన్నుకు రెండింతలు, అంటే 1,56,000 పెనాల్టీ. కేసు పెట్టే అధికారం కూడా శాఖకు ఉంది. ఉద్యోగం మారేటప్పుడు, వీసాకు వెళ్లేటప్పుడు ఇలాంటి కాగితం ఫైల్లో ఉంటే ఎలా ఉంటుందో ఊహించండి.

ఇప్పటికీ దారి మూసుకుపోలేదు. వేసినదాన్ని సరిదిద్ది మళ్లీ వేసే రివైజ్డ్ రిటర్న్ గడువు అయిపోయింది. కానీ అదనపు పన్ను కట్టి తప్పు సరిదిద్దుకునే అప్‌డేటెడ్ రిటర్న్ వేయొచ్చు. ఇంతకుముందు దానికి రెండేళ్లే ఉండేది, 2025 ఏప్రిల్ నుంచి నాలుగేళ్లకు పెంచారు. అతని రిటర్న్ 2024-25 ఆదాయానికి సంబంధించింది. 2027 మార్చి 31లోపు తప్పు చందా తీసేసి వేస్తే, తిరిగి కట్టాల్సిన పన్నూ వడ్డీ కలిపిన మొత్తం మీద 25 శాతం అదనం. ఆ తేదీ దాటితే 50 శాతం, తర్వాతి ఏడాది 60, ఆ తర్వాత 70. వడ్డీతో కలిపి మీ తమ్ముడు లక్షకు పైనే కట్టాల్సి వస్తుంది. గట్టి దెబ్బే. కానీ నోటీసు వచ్చాక కట్టేదానిలో ఇది సగం కూడా కాదు. నోటీసు రాకముందే చేయమనండి. వచ్చాక చేస్తాననుకుంటే అప్పుడు ఈ తలుపు తెరిచి ఉంటుందన్న నమ్మకం లేదు. ఈ పనికి మాత్రం మంచి ఆడిటర్ దగ్గరికి వెళ్లమనండి. ఫీజు ఎంతో ముందే మాట్లాడుకోవాలి. రీఫండ్‌లో శాతం అడిగేవాళ్ల దగ్గరికి మళ్లీ పోకూడదు.

అతనికి చెప్పాల్సిన ఇంకో లెక్క ఉంది. 19 లక్షల జీతానికి కొత్త విధానంలో 2024-25లో పన్ను 2,47,000 అయ్యేది. అదే జీతానికి 2025-26లో 1,71,600. తేడా 75,400. దొంగ చందాతో తెచ్చుకున్న 78,000కి దాదాపు సమానమైన మొత్తం, ఒక్క అబద్ధం రాయకుండా, చట్టమే తగ్గించింది. పాత విధానం అతనికి లాభం కావాలంటే స్టాండర్డ్ డిడక్షన్‌తో కలిపి 7,25,000కు మించి నిజమైన మినహాయింపులు ఉండాలి. అంత లేకపోతే, ఆఫీసులో పాత విధానం అని చెప్పినా సరే, రిటర్న్‌లో కొత్త దానికి మారొచ్చు. జీతగాళ్లకు ఏటా ఆ వీలుంది. నిజంగానే పాత విధానమే కావాలనుకుంటే మాత్రం జూలై 31 లోపు వేయాలి, దాటితే కొత్తదే గతి.

తమ్ముడితో గట్టిగా మాట్లాడండి, కానీ దొంగని పట్టుకున్నట్టు కాదు. అందరూ చేస్తున్నారు కదా అని చేసిన కుర్రాడు అతను. కోప్పడితే దాచేస్తాడు, గడువు గడిచిపోతుంది. ఒక ఆదివారం మీ ఇంటికి భోజనానికి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, అతని చేతే పోర్టల్ తెరిపించండి. ప్రొఫైల్‌లో ఏ మొబైల్ నంబరు, ఏ ఇ-మెయిల్ ఉన్నాయో అన్నిటికన్నా ముందు చూడండి. చాలామంది ఏజెంట్లు అక్కడ తమ నంబరు, తమ మెయిల్ పెట్టేస్తారు. ఇప్పుడు నోటీసులు చాలావరకు ఇంటికి పోస్టులో రావు, బషీర్‌బాగ్ ఆయకర్ భవన్ (ఆదాయపు పన్ను శాఖ కార్యాలయం) నుంచి మనిషి రాడు. పోర్టల్‌లో, మెయిల్‌లో వస్తాయి. మీ తమ్ముడికి ఇప్పటికే ఒకటి వచ్చి ఏజెంటు మెయిల్‌లో పడి ఉందేమో మనకు తెలియదు. ముందు ఆ నంబరూ మెయిలూ మార్పించండి, పాస్‌వర్డ్ మార్పించండి. తర్వాత 'పెండింగ్ యాక్షన్స్' అని ఉన్నచోట నొక్కి చూడండి. అక్కడ ఏమైనా ఉంటే దాని తేదీ, సెక్షన్ నంబరు రాసుకుని, సోమవారం పొద్దున్నే ఆడిటర్‌ని కలవండి.